హిమోగ్లోబిన్ 18.6.. రక్తం ఎక్కువుంటే మంచిదేగా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నాన్నకు 56 ఏళ్లు, రోజుకో కట్ట బీడీలు తాగుతారు. హెర్నియా ఆపరేషన్ కోసం టెస్టులు చేయిస్తే హిమోగ్లోబిన్ 18.6 వచ్చింది. ఊళ్లో అందరూ ‘రక్తం దండిగా ఉంది, ఇంకేం’ అంటున్నారు. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 97 ఉంది. అయినా డాక్టర్ ఆపరేషన్ వాయిదా వేశారు. ఎందుకు?
– ఓ పాఠకురాలు, హనుమకొండ జిల్లా

సలహా: వాయిదా వేయడమే సబబు. మగవాళ్లలో 16.5 దాటితేనే కారణం వెతుకుతాం. 18.6 అంటే రక్తం చిక్కబడినట్టు. అది గడ్డకట్టే ముప్పు ఉంటుంది.

మొదటి అనుమానం బీడీ మీదే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో కర్చీఫ్ వేసినట్టు ఆక్సిజన్ సీటును ఆపేస్తుంది. మామూలు మిషన్‌కు సీటు నిండిందనే తెలుస్తుంది, కూర్చున్నది ఎవరో తెలియదు. అందుకే ఆ 97ను నమ్ముకోకండి.

కిడ్నీ మాత్రం మోసపోదు. మన కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే, కొన్ని ఎంజైములు ఆ ఆక్సిజన్‌నే వాడుకుని దానికి గుర్తు వేస్తాయి. గుర్తు పడ్డ ప్రొటీన్‌ను కణం నిమిషాల్లో ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ బతికిపోతుంది. కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను నిద్రలేపుతుంది. అప్పుడు కిడ్నీ నుంచి ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ ఎక్కువగా వస్తుంది. ఎర్రకణాలు పెంచమని ఎముక మజ్జకు అదే కబురు. ఈ గుట్టు విప్పినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు నోబెల్ ఇచ్చారు. లద్దాఖ్ కొండల్లో జవానుకు పనికొచ్చే ఏర్పాటిది. పరకాలలో మీ నాన్నగారి ఒంట్లో బీడీ దాన్ని నడిపిస్తుండవచ్చు.

అయితే బీడీ ఒక్కదానికే 18.6 కాస్త ఎక్కువే. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా? స్నానం చేశాక ఒళ్లు దురద పెడుతుందా? గమనించి ఫిజీషియన్‌కు చెప్పండి. రక్తపరీక్ష మళ్లీ చేయించి, ఎరిత్రోపోయిటిన్ టెస్టు, జాక్2 అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే టెస్టు గురించి అడగండి. ఆ హార్మోన్ తక్కువగా ఉండి కూడా కణాలు పెరుగుతుంటే, తేడా మజ్జలోనే ఉందని అనుమానించాలి.

ఐరన్ మాత్రలు వాడుతుంటే ఆపవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఆస్పిరిన్ సొంతంగా వేయొద్దు. బీడీ మానితే కార్బన్ మోనాక్సైడ్ ఒకట్రెండు రోజుల్లో పోతుంది కానీ, ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, కాబట్టి అంకె దిగడానికి నెలలు పడుతుంది. ఈలోగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.