యూరప్‌లో తొలి బ్యాంకు నోట్లు ఇచ్చిన స్టాక్‌హోమ్ బ్యాంకు ఎందుకు మూతపడింది?

1657లో యోహాన్ పామ్‌స్ట్రుక్ స్టాక్‌హోమ్‌లో ప్రారంభించిన ప్రైవేటు బ్యాంకు, అంటే స్టాక్‌హోమ్స్ బాంకో, తన దగ్గరున్న నాణేలకు మించి నోట్లు జారీచేసి, వాటిని తెచ్చినవారికి సొమ్ము చెల్లించలేక 1664లో చితికిపోయింది.

అప్పటి స్వీడన్‌లో పెద్ద మొత్తమంటే నాణేలుగా చెలామణి అయ్యే రాగి పలకలే. ఉదాహరణకు 1644 నాటి 10 దాలర్ల (దాలర్ అప్పటి స్వీడన్ ద్రవ్యం) పలక ఒక్కటే దాదాపు 20 కిలోలు తూగేది కాబట్టి, దానిని బ్యాంకులో ఉంచి కాగితం జేబులో పెట్టుకోవడం వర్తకులకు నిజంగా ఎంతో హాయి. 1660లో ప్రభుత్వం బరువు తగ్గించిన కొత్త పలకలు ముద్రించగానే, లోహంగా ఎక్కువ విలువ చేసే పాత పలకల కోసం డిపాజిటుదారులు ఎగబడ్డారు. కానీ ఆ సొమ్ములో చాలా భాగం అప్పటికే దీర్ఘకాలిక అప్పులుగా వెళ్లిపోయి ఉండడంతో, 1661 నుంచి బ్యాంకు చేతి సంతకాలతో, ముద్రలతో నోట్లు ఇవ్వసాగింది. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది: నోట్లు బాగా చెలామణి కావడంతో, డిపాజిట్లతో నిమిత్తం లేకుండా వాటినే అప్పులుగా ఇచ్చారు.

ఈ నోట్లు స్వీడన్ కేంద్ర బ్యాంకు రిక్స్‌బ్యాంక్‌వని చాలామంది పొరబడతారు. రిక్స్‌బ్యాంక్ ఈ పతనం తర్వాతే, 1668లో, పార్లమెంటు అధీనంలో ఏర్పడింది. మొదట్లో దానికి నోట్లు జారీచేసే అనుమతే లేదు.