నడుం నొప్పంటే ముందు సీటు చూడరా శీనూ

ఒరేయ్ శీనూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. క్యాబు మొదలెట్టిన దగ్గర్నుంచి రాత్రి ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసి మంచం మీద పడిపోతున్నావంట, ఎడంకాలు తిమ్మిరి కూడా పడుతోందంట, అడిగితే డ్రైవింగ్ అంటే అంతేనమ్మా అంటున్నావంట. ఆటోనగర్లో ఇన్నేళ్ళు సీట్ల పని చేసిన మావయ్యని పెట్టుకుని ఆ మాట అంటే నాకు బాధేసింది రా. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావ్, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, పెద్దగా ఉందని సగంలో ఆపకు.

ముందు ఒకటి. తిమ్మిరి పాదం దాకా దిగుతోందంటే ఎముకల డాక్టరుకి చూపించుకోవాల్సిందే, సీటు సంగతి తర్వాత. పాదం పైకి లేపబోతే బలం చాలకపోయినా, ఒంటేలు పోసుకునే దగ్గర ఏ తేడా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పో, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఇక సీటు. నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్ బండి కదా, పైన కొత్త కవర్ మెరుస్తుంటే సీటు బాగుందనుకుని ఉంటావ్. సీటంటే లోపలుంది. కింద ఇనప ఫ్రేము, దాని మీద వంకర వంకరగా జిగ్‌జాగ్ స్ప్రింగులు, దాని మీద అచ్చులో పోసిన ఫోమ్, ఆ పైన గుడ్డ. కంపెనీ ఫోమ్ నువ్వనుకున్నట్టు ఒకటే మెత్తదనం ఉండదు, మధ్యలో కూర్చునే చోట కొంచెం మెత్తగా, పక్క గోడలు గట్టిగా, ముందంచు తొడల కింద కొంచెం ఎత్తుగా చేస్తారు. ఎందుకంటే ఆ మూడూ కలిసే నీ తుంటి ఎముకని కదలకుండా ఒకచోట నిలబెడతాయి. నా అనుభవంలో డ్రైవర్ నడుం నొప్పి అంతా ఆ తుంటి దగ్గరే మొదలవుతుంది, నొప్పి తెలిసేది మాత్రం పైన.

ఎట్లాగంటే, నిలబడ్డప్పుడు నడుం దగ్గర వెన్నుకి లోపలికి ఒక వంపు ఉంటుంది, చెయ్యి పెట్టి చూసుకో తెలుస్తుంది. కూర్చోగానే తుంటి వెనక్కి దొర్లుతుంది, ఆ వంపు పోతుంది, నడుం బయటికి గుండ్రంగా వస్తుంది. పునాది వాలిపోయాక పైన గోడ నిటారుగా ఎట్లా నిలబడుతుంది, వీపు వంగిపోతుంది, భుజాలు ముందుకొస్తాయి, రోడ్డు చూడాలి కాబట్టి మెడ మాత్రం ఎత్తి పెట్టుకుంటావ్, సాయంత్రానికి మెడ కూడా పట్టేస్తుంది. నా దగ్గర సీటు చేయించుకోడానికి వచ్చిన ఒక డాక్టరు గారు చెప్పారు, స్వీడన్లో నాకెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960ల్లోనే బతికున్న మనుషుల డిస్కులోకి సూది పంపించి లోపల ఒత్తిడి కొలిచాడంట, నిలబడ్డప్పటికంటే ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు ఎక్కువుందంట, ముందుకి వంగితే ఇంకా ఎక్కువంట. ఆ తర్వాత ఆండర్సన్ అనే ఆయనతో కలిసి అచ్చంగా కారు డ్రైవర్ సీటు మీదే పరీక్షలు చేసి 1974లో అచ్చేశారు, వీపు కొంచెం వెనక్కి వాలి నడుం దగ్గర దన్ను ఉంటే ఒత్తిడి తగ్గుతుందని. అది విన్నాక నాకెంత ధైర్యం వచ్చిందో, ఎన్నాళ్ళనుంచో కస్టమర్లకి చేత్తో తడిమి చెప్పే మాటే కదా అది.

ఇంట్లో కుర్చీ అయితే కాళ్ళు నేల మీదుంటాయి, అటూ ఇటూ కదులుతావ్. కారులో కాళ్ళు పెడల్స్ మీద, చేతులు స్టీరింగ్ మీద, కదిలే వీల్లేదు. పైగా రోడ్డు ఊపు. సెకనుకి 4 నుంచి 8 సార్లు పైకీ కిందకీ ఊగే ఊపు మనిషి ఒంటికి అన్నిటికంటే ఎక్కువ తగులుతుంది, ఆ ఊపుని మింగాల్సింది టైర్లు, సస్పెన్షను, ఆఖర్న సీటు ఫోము. ఫోము చచ్చిపోయిందంటే ఆ పని నీ వెన్నుపూసలు చేస్తున్నాయన్నమాట.

ఇప్పుడు సరిచేసుకునే పద్ధతి చెప్తా, ఈ వరసలోనే చెయ్యి, ముందు అద్దాలు సర్దుకుని తర్వాత సీటు జరిపితే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కగానే పిర్రలు సీటు మూలలోకి, వీపు సీటూ కింద సీటూ కలిసే చోటికి, పూర్తిగా నెట్టి కూర్చో. అక్కడ ఖాళీ వదిలితే ఇక ఎన్ని లక్షల కారైనా ఏం చెయ్యలేదు. తర్వాత ముందుకీ వెనక్కీ. క్లచ్ అడుగు దాకా నొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి, పిర్ర సీటు మీంచి లేవకూడదు. నువ్వు పొడుగువి కదా, కాళ్ళు చాపుకుందామని సీటు బాగా వెనక్కి నెట్టుకుంటావని నాకు తెలుసు. అదే వద్దు. కాలు నిటారుగా చాపితే తొడ వెనక నరాలూ కండరాలూ బిగిసి తుంటిని కిందనుంచి లాగేస్తాయి, నువ్వెంత నిటారుగా కూర్చుందామనుకున్నా నడుం గుండ్రమైపోతుంది. మరీ దగ్గరికి కూడా రావద్దు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో స్టీరింగ్ మధ్యభాగానికీ నీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు పైన, ఖాళీ ఉండాలి.

ఎత్తు లివరు చాలా క్యాబు వేరియంట్లలో ఉండదు, నీదాంట్లో ఉంటే తుంటి మోకాలికంటే ఒక పిసరు పైకుండేట్టు పెట్టుకో, తల మాత్రం టాపుకి తగలకూడదు. వీపు సీటు మరీ నిటారుగా తొంభై డిగ్రీల్లో వద్దు, కొంచెం వెనక్కి వంచు, 100 నుంచి 110 మధ్య. కుర్రాళ్ళు కొందరు పడుకున్నట్టు తోలతారే, అది చూడ్డానికి స్టైలుగానే ఉంటుంది, బ్రేకు పడి గుద్దితే మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు, బెల్టు తుంటి ఎముక మీద ఆగకుండా పొట్ట మీదకెక్కి లోపల పేగులకి దెబ్బ తగులుతుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే భుజాలు సీటుకి ఆనించే చెయ్యి చాపు, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. చేరలేదంటే వీపు సీటు ఇంకొంచెం లేపు. హెడ్‌రెస్ట్ పైఅంచు నీ తల పైభాగం దాకా రావాలి, మెడ దగ్గర పెట్టుకుంటే వెనకనుంచి ఎవడన్నా గుద్దినప్పుడు మెడ దాని మీదుగా వెనక్కి విరుచుకుంటుంది, అమెరికాలో 1969లోనే కొత్త కార్లకి అది తప్పనిసరి చేసింది ఆ మెడ దెబ్బల గురించే. అద్దాలు ఆఖరు. పొద్దున నిటారుగా కూర్చుని లోపలి అద్దం పెట్టుకో, మధ్యాహ్నానికి వెనక అద్దం సరిగ్గా కనపడకపోతే అద్దం తిప్పొద్దు, నువ్వే కుంగావని అర్థం, పిర్రలు మళ్ళీ వెనక్కి నెట్టుకో. రోజంతా కూర్చుంటే డిస్కులు అణిగి మనిషి ఎటూ కొంచెం పొట్టవుతాడు, ఆ కొంచెం వరకు పరవాలేదు.

నడుం దన్ను గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ డబ్బు తగలేస్తారు. బజార్లో దొరికే లావుపాటి దిండ్లు కొనకు, అవి మనిషిని మొత్తం ముందుకి నెట్టేస్తాయి, పిర్రలు మూలలోంచి బయటికొస్తాయి, తొడల కింద ఉన్న కాస్త సీటూ పోతుంది. ఇంట్లో ఉన్న పాత స్నానం టవలు తీసుకో. పొడుగ్గా రెండు మడతలేసి గట్టిగా చుట్టు, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లెయ్యి, అదిమితే మూడు నాలుగు సెంటీమీటర్లు మందం ఉంటే చాలు. ప్యాంటు బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైన పెట్టుకో, పక్కటెముకలకి తగిలితే పైకెక్కిందని, పిర్రలకి తగిలితే దిగిందని. రెండు చివర్లకీ నాడా కట్టి హెడ్‌రెస్ట్ కమ్మీలకి వేలాడదియ్యి, దిగి ఎక్కినప్పుడల్లా జారకుండా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు గుచ్చుకున్నట్టుంటుంది, అలవాటవుతుంది, వారమైనా ఇబ్బందిగానే ఉంటే ఒక చుట్టు తగ్గించు.

సీటు కవర్ల మాట. ఈ మాట చెప్తే మా వాళ్ళకే కోపం వస్తుంది, అయినా చెప్తా. లోపల ఫోమేసి ఉబ్బెత్తుగా కుట్టిన కవర్లు వద్దు. కంపెనీ వాళ్ళు అచ్చులో చేసిన వంపులన్నీ అవి పూడ్చేస్తాయి, నడుం దగ్గర దన్ను పోతుంది, పక్క గోడలు పోతాయి, చదును పీట మీద కూర్చున్నట్టే. రెక్జిన్ అయితే మే నెలలో ఒళ్ళు అంటుకుపోతుంది, చెమటకి జారుతూ ఉంటావ్, జారిన ప్రతిసారీ తుంటి ముందుకొస్తుంది. బిగుతుగా పట్టే పల్చటి గుడ్డ కవరు చాలు. ఇంకోటి, సీటు పక్కన చిన్న ట్యాగు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటే ఆ పక్క కుట్టు మామూలు దారంతో మూసేసిన కవరు ఎట్టి పరిస్థితుల్లో వేయించకు, అది పగులుకుని బయటికి రావాల్సిన చోటు.

ఇప్పుడు నీ సీటు పరీక్ష. మన దేశంలో డ్రైవరు కుడివైపు నుంచి ఎక్కి దిగుతాడు, దిగినప్పుడల్లా ఒంటి బరువంతా కుడి గోడ మీద పడుతుంది, అందుకే పాత బండి సీట్లలో ముందు చచ్చేది ఆ కుడి గోడే. అది అణిగితే నువ్వు తెలీకుండానే కుడికి వాలి కూర్చుంటావ్, రోజుకి పది పన్నెండు గంటలు వంకరగా. ఖాళీ సీటు మీద ఒక చెక్క బద్ద అడ్డంగా పెట్టి ముందునుంచి చూడు, కుడికి వంగిందా లేదా తెలిసిపోతుంది. తర్వాత పిడికిలితో మధ్యలో గట్టిగా నొక్కు, కింద తీగ చేతికి తగిలితే ఫోము అయిపోయింది. సీటు కింద మొబైల్ లైటేసి చూడు, ఫోము చివికి పసుపురంగు పొడిగా రాలి ఉందా, స్ప్రింగు కొక్కెం ఏదైనా ఊడి వేలాడుతోందా. చాలాసార్లు ఒక్క కొక్కెం ఊడితే చాలు, ఒక పిర్ర కిందకి ఒకటి పైకి, దానికి మనవాళ్ళు మాత్రలేసుకుంటూ తిరుగుతారు.

ఫోము మార్పించాల్సొస్తే మొదట అదే మోడల్ అచ్చు ఫోము దొరుకుతుందేమో వెతుకు, మంచి కండిషన్లో పాత బండిది దొరికినా మేలే. దిమ్మ కోసి వేయాల్సొస్తే డెన్సిటీ, అంటే ఫోము ఎంత దట్టమో చెప్పే అంకె, అడుగు, 40కి తక్కువైతే వద్దను, పరుపుల స్పంజి వేస్తానంటే అక్కడ్నుంచి వచ్చెయ్. షోరూంలో కూర్చోగానే హాయిగా దిగబడే మెత్తటి సీటు గంట తర్వాత నడుం తినేస్తుంది, కొంచెం గట్టిదే రోజంతా మోస్తుంది. నీకు తొడల కింద సీటు పొట్టి అవుతుందని నా అనుమానం, మోకాలి వెనకాల రెండు మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంటే సరి, నీకు చెయ్యంత ఖాళీ ఉండొచ్చు. దానికి కవరు విప్పి ముందంచు కింద వాలుగా కోసిన గట్టి ఫోము ముక్క అతికించొచ్చు. కొంతమంది మెకానిక్కులు సీటు ముందుకీ వెనక్కీ జరిగే రైలుకున్న ముందు బోల్టుల కింద వాషర్లేసి లేపుతామంటారు, ఒప్పుకోకు, గుద్దినప్పుడు సీటుని పట్టి ఉంచేవి ఆ బోల్టులే.

వెనక జేబులో పర్సు తీసెయ్, ఒక పిర్ర ఎత్తు మీద రోజంతా కూర్చుంటే తొడ వెనక నరం నొక్కుకుంటుంది, నీ తిమ్మిరికి అదీ ఒక కారణం అయుండొచ్చు. ఎడంకాలు క్లచ్ మీద ఊరికే ఆనించి ఉంచకు, పక్కన కాలు పెట్టుకునే మెట్టు ఉంటే దాని మీద పెట్టు.

అంబాసిడర్ రోజుల్లో ముందు సీటు బల్లలాగా ఒకటే పొడుగు, గేరు స్టీరింగ్ పక్కన, కొన్ని సీట్లలో మేమే కొబ్బరి పీచు కుక్కి కుట్టేవాళ్ళం, పక్క దన్ను ఉండేది కాదు కానీ డ్రైవరు ఆ సీటు మీద అటూ ఇటూ జరిగి కూర్చునేవాడు, దారిలో ఆగేవాడు. ఇప్పటి సీటు మనిషిని బాగా పట్టుకుంటుంది, అందుకే మనిషి కదలడం మానేశాడు. ఎంత మంచి సీటైనా గంటల తరబడి ఒకే వాటంగా కూర్చోడానికి చేసింది కాదు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలోనే ఐదు గంటలకి మించి ఏకబిగిన పని చేయించకూడదు, అరగంట విరామం ఇవ్వాలని రాశారు. యాప్ నీకు ఆ మాట చెప్పదు కాబట్టి నువ్వే చెప్పుకోవాలి, నేనైతే ఐదు కాదు రెండు గంటలకే దిగమంటా. విజయవాడ ట్రిప్పు పడితే నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి, కోదాడలో ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడువు, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి విరుచుకో. శంషాబాద్‌లో బుకింగ్ కోసం ఆగినప్పుడు సీటు వెనక్కి పడేసి ఫోన్ చూస్తూ పడుకోకు, అది విశ్రాంతి కాదు, నడుం ఇంకా వంగే ఉంటుంది. బాత్రూం దొరకదని నీళ్ళు తాగడం మానేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది, అది మాత్రం వద్దు నాన్నా.

ఈ వారంలో డాక్టరుకి చూపించుకో, ఆ కాగితాలు ఫోటో తీసి నాకు పంపు. వచ్చే ఆదివారం బండి తీసుకుని ఇక్కడికి రా, పొద్దున్నే బయల్దేరు. షాపులో మన రమణ ఉంటాడు, సీటు విప్పి నీ ఎదురుగానే ఫోము చూద్దాం, సాయంత్రం లోపు అయిపోతుంది. డబ్బుల సంగతి అడక్కు. వచ్చేటప్పుడు నువ్వు రోజూ వేసుకునే ప్యాంటూ చెప్పులతోనే రా, ఆ చెప్పులతోనే కూర్చోబెట్టి కొలతలు తీసుకోవాలి.

మీ మావయ్య