శుక్రవారం గొడవ, నా డోలక్

వందనాలు తమ్ముడూ. దుబాయ్ వచ్చి రెండు నెలలైంది, ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘం మన పాలకొల్లు మందిరంలా లేదు, అలాంటిది ఇంకెక్కడైనా ఉందా అన్నయ్యా అని అడిగావు. లేదు. నేను 2004లో వచ్చాను, చాలాకాలం వెతికాను కూడా. మాది నర్సాపురం పక్క ఊరు, బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళం, పాస్టర్ ఉండరు, పెద్దలే చూసుకుంటారు, ఆదివారం పొద్దున్నే యేసు జ్ఞాపకంగా రొట్టె విరవడం, ఆడవాళ్ళు చెంగు కప్పుకుని ఓ పక్క, మగవాళ్ళు ఓ పక్క, అంతా చాపల మీదే. ఇక్కడేమో భీమవరం లూథరన్లు, కాకినాడ బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు అందరూ ఒకే హాల్లో. నువ్వు కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేసుకుంటుంటే పక్కనాయన చప్పట్లు కొట్టి ఒక్క కేకేస్తాడు. మొదటి ఏడాదంతా నాకు తలనొప్పే.

ఆ హాలు కూడా మనది కాదు. దుబాయ్‌లో చర్చిలుండే ఔద్ మేథా అయినా జెబెల్ అలీ అయినా చర్చి కాంపౌండ్‌లో హాళ్ళని బోలెడు భాషల వాళ్ళు టైములు పంచుకుని వాడుకోవాలి. మనకి గంటన్నర. ప్రసంగం కొంచెం లాగారా, తలుపు దగ్గర ఫిలిప్పీన్స్ పిల్లలు గిటార్లు పట్టుకుని రెడీగా నిలబడి ఉంటారు పాపం.

ఇక గొడవ సంగతి. నేనొచ్చినప్పుడు గవర్నమెంటు సెలవులు గురు శుక్రవారాలు, 2006లో శుక్ర శని అయ్యాయి, 2022 జనవరి నుంచి శని ఆదివారాలు, శుక్రవారం సగం పూట ఆఫీసు. ఏళ్ళ తరబడి ఆరాధనకి మాకు శుక్రవారమే ఆదివారం అన్నమాట. సెలవులు మారగానే సంఘంలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆరాధన ఆదివారానికి మార్చేద్దాం అన్నారు, నేను లేచి అదెలా కుదురుతుందండీ, ఇళ్ళల్లో పనిచేసే మన రాజోలు, అమలాపురం అక్కలకి శుక్రవారమే కదా సెలవిస్తారు అని గట్టిగా మాట్లాడాను, పాయింటు కరెక్టే. కానీ నిజం చెప్పాలంటే అక్కల కోసం కాదు, శుక్రవారం కూటానికి డోలక్ నాది, ఆదివారం బ్యాచ్ పిల్లలు కీబోర్డు, డ్రమ్ ప్యాడ్స్ తెచ్చుకుంటారని నాకు తెలుసు. ఆ డోలక్ నర్సాపురం నుంచి దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నది, ఊళ్ళో ముసురు పడితే చర్మం వదులైపోయి తాళ్ళకున్న రింగులు లాగి బిగించుకోవాలి, ఇక్కడ ఏసీకి బిగిసిపోయి టంగుమంటుంది. పద్దెనిమిదేళ్ళు వాయించాను. మూడు వారాలు మొహం మాడ్చుకుని వెళ్ళడమే మానేశాను, తర్వాత నేనే సిగ్గుపడి వెళ్ళాను. ఆదివారం పెద్ద ఆరాధన పెట్టుకున్నారు, శుక్రవారం చిన్న కూటం అక్కల కోసం ఉంచారు. నేను లేకపోయినా పాటలు ఆగలేదు, అది కొంచెం గుచ్చుకుంది అనుకో.

పోయిన వేసవిలో ఊరెళ్తే మన మందిరంలో చాపలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పెద్ద టీవీ. అంతా మార్చేశారేంటి పిన్నీ అంటే నువ్వు మారలేదేంట్రా, ఆ పొట్ట చూసుకో అంది. నేను ఇక్కడ కూర్చుని ఇన్నాళ్ళూ బెంగ పెట్టుకున్న మందిరం అక్కడా లేదు మరి. అసలు 1836లో ఇంగ్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు మా ఊరి చర్చి ఇక్కడ లేదేంటని కూర్చుంటే మన నర్సాపురం వైపు సంఘాలే ఉండేవి కావు, వాళ్ళు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

రెండు జాగ్రత్తలు. కరపత్రాలు బయట పంచడం లాంటివి ఇక్కడ అస్సలు చేయకు, చట్టం ఒప్పుకోదు. ఊరి మందిరానికి చందాలని వాట్సాప్‌లో డబ్బులు పోగుచేయడం కూడా పర్మిషన్ లేకుండా నేరమే, మంచి పనే కదా అంటే వినరు.

ఆదివారం రా. మెట్రో గ్రీన్ లైన్‌లో ఔద్ మేథా స్టేషన్లో దిగి ఫోన్ చెయ్. మనూరి అలవాటుకి చెప్పులు బయట విప్పేయకు, ఇక్కడ ఎవరూ విప్పరు, నేను మొదటివారం విప్పి ఉత్తికాళ్ళతో రూముకెళ్ళాను. డోలక్ ఆ కీబోర్డు కుర్రాడికే ఇచ్చేశాను, రింగులు లాగడం ఇంకా రాలేదు వాడికి.