స్ఫింక్స్ బొమ్మ మెడల్, కంచు నక్షత్రం: ఆ మెరైన్ సర్వీసు ఎలా తెలుసుకోవాలి?

స్ఫింక్స్ (సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న ఈజిప్ట్ విగ్రహం) బొమ్మ మెడల్, కంచు నక్షత్రం దొరికాయి, అవి అందుకున్న మెరైన్, అంటే ఓడల మీద పనిచేసే సైనికుడి, సర్వీసు వివరాలు ఎలా తెలుసుకోవాలని అడిగారు కదా. ముందుగా ఒక మాటండీ. ఆ రెండింటినీ విడదీయకండి. స్ఫింక్స్ బొమ్మ ఉన్న వెండిది బ్రిటన్ ఇచ్చిన ఈజిప్ట్ మెడల్. కంచు నక్షత్రం ఈజిప్ట్ పాలకుడు ఖెదీవ్ ఇచ్చింది. నక్షత్రాలను పేరు చెక్కకుండానే ఇచ్చారు. జత విడిపోతే అది ఎవరిదో చెప్పే దారి ఉండదు.

పేరు వెండి మెడల్ అంచున ఉంటుంది. భూతద్దం పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. పాలిష్‌తో తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

నేను పోర్ట్స్‌మత్‌లో ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ ఇలాంటి జతే తెచ్చి, "మా ముత్తాతవి, ఆయన గురించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు" అంది. అంచున పేరు, ప్రైవేట్ (మామూలు సిపాయి), ఆర్.ఎం.ఎల్.ఐ. అని మాత్రమే ఉంది. అంటే రాయల్ మెరైన్ లైట్ ఇన్‌ఫాంట్రీ, ఎర్రకోటు వాళ్ళు. ఆర్.ఎం.ఎ. అని ఉంటే నీలం కోటు ఫిరంగి దళం.

సర్వీసు నంబర్ లేదు. అక్కడే పొరబడ్డాం. అదే పేరున్న ఇంకొకరి రికార్డు డబ్బు కట్టి తెప్పించుకుని, వారం రోజులు ఆయనే అనుకున్నాం. పుట్టిన ఊరు కలవకపోయేసరికి తెలిసింది. మెరైన్లకు చాతమ్, పోర్ట్స్‌మత్, ప్లిమత్ రేవుల్లో విడివిడిగా డివిజన్లు ఉండేవి, దేనికది నంబర్లు వేసుకునేవి. ఒకే నంబర్ ముగ్గురికి ఉండొచ్చు. అందుకే డివిజన్, పుట్టిన ఊరు రెండూ సరిపోయాకే నమ్మండి.

రికార్డులు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ నౌకాదళ శాఖ రికార్డుల వరసలకు ఎ.డి.ఎం. అని గుర్తు. ఎ.డి.ఎం. 159 సర్వీసు రిజిస్టర్లు, 157 చేరినప్పటి కాగితాలు, 171 మెడల్ రోల్స్, అంటే మెడల్ అందుకున్నవాళ్ళ జాబితాలు. 159ని ఆన్‌లైన్‌లో పేరుతో వెతకొచ్చు.

అసలు మనిషి పేజీ దొరికిన రోజు నేను మరిచిపోలేను. చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ళ రంగు, ఎక్కిన ఓడలు, దిగిన తేదీలు, ఏటా నడవడికకు పెట్టిన గుర్తు, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. నీలికళ్ళు అని చదవగానే ఆవిడ "మా తమ్ముడివీ అవే" అని అక్కడే వేలు పెట్టి ఉండిపోయింది. మొదట పన్నెండేళ్ళ ఒప్పందం మీద చేరి, పొడిగించుకుని 21 ఏళ్ళు పూర్తి చేసి పింఛనుతో దిగాడాయన.

ఆయన మెడల్ రిబ్బన్ మీద తెల్-ఎల్-కబీర్ అని ఈజిప్ట్‌లోని యుద్ధం పేరున్న పట్టీ ఉంది. 1882 సెప్టెంబర్ 13న బ్రిటిష్ జనరల్ వూల్స్‌లీ సైన్యం రాత్రంతా ఎడారిలో చప్పుడు లేకుండా నడిచి, తెల్లవారుతుండగా ఈజిప్ట్ తిరుగుబాటు నాయకుడు అరబీ పాషా కందకాల మీద పడింది. పోరు గంటసేపైనా సాగలేదు గానీ మెరైన్లు చాలామంది దెబ్బతిన్నారు. అక్కడే మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం కూడా ఉంది. ఆ దళంలో మన తెలుగువాళ్ళూ పనిచేశారు కాబట్టి ఇలాంటి మెడల్ మన ఊళ్ళలో ఏ పాత పెట్టెలోనైనా దొరకొచ్చు.

మీ మెడల్ స్ఫింక్స్ కింద 1882 అని ఉందా చూడండి. తేదీ లేకపోతే అది తర్వాతి సూడాన్ పోరాటాలకు ఇచ్చింది. 1882లోనే మెడల్ వచ్చినవాళ్ళు మళ్ళీ వెళ్తే రెండో మెడల్ ఇవ్వలేదు, పట్టీలు మాత్రమే చేర్చారు.

అంచున ఉన్న అక్షరాలు చుక్కలతో సహా ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఓడ పేరు ఉంటే అదీ రాయండి. ఆయన డివిజన్ తేల్చడానికి మీతో కలిసి వెతుకుతాను.