కొత్త మౌస్ కొనకురా, ముందు ఆ స్విచ్ బాక్స్ తీసి పక్కన పెట్టు

ఒరేయ్ కిట్టూ,

నీ మెసేజ్ చూశాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ నీ డెస్క్‌టాప్‌కీ ఒకటే మౌస్, మధ్యలో కేవీఎం స్విచ్, అదే ఒకే కీబోర్డు, మౌస్‌ని రెండు కంప్యూటర్లకి మార్చి మార్చి ఇచ్చే బాక్స్. బటన్ నొక్కితే మౌస్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, వచ్చినా డెస్క్‌టాప్‌లో ఈడ్చుకుంటూ కదులుతుంది, పక్క బటన్లు అసలు పనిచెయ్యవు, అందుకని శనివారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి కొత్త మౌస్ తెచ్చుకుంటానంటావు. ఆగు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ అన్నేళ్ళు చూసుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, రెండు మెషీన్ల మధ్య తిరిగే మౌస్ మొరాయించినప్పుడు తప్పు మౌస్‌ది కావడం చాలా తక్కువ. పైగా నువ్వు చెప్పినవి ఒక జబ్బు కాదు, మూడు వేర్వేరు జబ్బులు. అన్నింటికీ ఒకటే మందు వెతుకుతున్నావు కాబట్టే దొరకట్లేదు.

ముందు బాక్స్ తీసి పక్కన పెట్టు. నీ వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ని, అదే యూఎస్‌బీలో గుచ్చే ఆ చిన్న ముక్కని, నేరుగా డెస్క్‌టాప్‌కి పెట్టి ఒక పూట వాడు, తర్వాత నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి ఇంకో పూట వాడు. రెండింటిలోనూ బాగుంటే గొడవ బాక్స్‌లోనో దాని కేబుళ్ళలోనో ఉంది. ఒకదాంట్లోనే తేడా వస్తే ఆ కంప్యూటర్ సెట్టింగుల్లో ఉంది. నేరుగా పెట్టినా రెండింట్లోనూ ఏడిస్తే అప్పుడు మౌస్ సంగతి ఆలోచిద్దాం. కీబోర్డుని కూడా గమనించు, మౌస్ ఆగిన క్షణంలో కీబోర్డు కూడా ఆగిందంటే ఇక మౌస్‌ని అనుమానించే పనే లేదు. ఒకసారికి ఒక్కటే మార్చు. కేబుల్, పోర్టు, సెట్టింగు మూడూ ఒకేసారి మార్చేసి "బాగైంది అత్తయ్యా" అంటే ఏది బాగుచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు, వారం తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు బాక్స్ సంగతి. మామూలు రకం స్విచ్‌లో నువ్వు బటన్ నొక్కడమంటే మౌస్‌ని ఒక కంప్యూటర్ నుంచి పీకి ఇంకోదానికి పెట్టడమే. అవతలి కంప్యూటర్ "ఎవరో వచ్చారు" అని దాన్ని కొత్తగా గుర్తుపట్టాలి, దానికి రెండు మూడు సెకన్లు పట్టడం సహజం. ఆ టైమ్‌లో నీలాంటి తొందర మనుషులు ఏం చేస్తారంటే, రాలేదని మళ్ళీ నొక్కుతారు, అది వెనక్కి పోతుంది, ఇంకోసారి నొక్కుతారు, చివరికి రెండు కంప్యూటర్లలోనూ మౌస్ ఉండదు. ఒక్కసారి నొక్కి చెయ్యి తీసెయ్. నీ మొదటి జబ్బులో సగం దీంతోనే పోతుందని నా అనుమానం.

ఇంకో రకం బాక్స్ ఉంది, అది తనే ఒక మామూలు మౌస్‌లా రెండు కంప్యూటర్ల ముందూ నటిస్తుంది. అందుకే మార్చగానే చటుక్కున వస్తుంది, కానీ కంప్యూటర్‌కి కనిపించేది నీ మౌస్ కాదు, బాక్స్ నటించే సాదా మౌస్. పక్క బటన్లు, మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్, అన్నీ అక్కడే ఆగిపోతాయి. నీది గేములాడే మౌస్ కదా, సెకనుకి 1000 సార్లు కబురు పంపుతుంది, మామూలువి 125 సార్లు పంపుతాయి. కొన్ని బాక్స్‌లు ఆ వేగాన్ని తట్టుకోలేవు. బాక్స్ మీద మౌస్ బొమ్మ ఉన్న పోర్టు కాకుండా ఉత్త యూఎస్‌బీ గుర్తు ఉన్న పోర్టు ఉందేమో చూడు, మౌస్‌ని దాంట్లో పెడితే పక్క బటన్లు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. కీబోర్డుని మాత్రం దాని పోర్టులోనే ఉంచు, లేకపోతే స్క్రోల్ లాక్ రెండుసార్లు కొట్టి మార్చే సదుపాయం పోతుంది. అన్నట్టు, కొన్ని బాక్స్‌ల్లో మౌస్ చక్రాన్ని రెండుసార్లు నొక్కినా స్విచ్ అవుతుంది. బ్రౌజర్‌లో చక్రం నొక్కి ట్యాబులు మూసేటప్పుడు "దానంతట అదే అవతలి కంప్యూటర్‌కి పోతోంది" అనిపిస్తే దెయ్యం కాదు, అదే.

ఈడ్చుకుంటూ కదలడం గురించి కాస్త జాగ్రత్తగా చదువు, ఇది చాలామందికి తెలియదు. వైర్‌లెస్ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్ళు పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ చుట్టుపక్కలే రేడియో రొద పుట్టిస్తాయి, 2012లో ఇంటెల్ వాళ్ళే దీని మీద ఒక పత్రం వేశారు. నీ బాక్స్ టేబుల్ వెనక, సీపీయూ పక్కన, పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ డిస్క్, వాటి మధ్య చిటికెన వేలి గోరంత రిసీవర్. పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే ఉంటుంది దాని పరిస్థితి. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి తెచ్చి రిసీవర్‌ని మౌస్ ప్యాడ్ దగ్గరికి లాక్కో, వీలైతే నీలం పోర్టులో (యూఎస్‌బీ 3.0ది సాధారణంగా ఆ రంగే) కాకుండా నల్ల పోర్టులో పెట్టు. ముందే ఖర్చెందుకు అనుకుంటే ఎవరిదైనా వైరు మౌస్ తెచ్చి అదే పోర్టులో పెట్టి చూడు, అది సాఫీగా కదిలితే గొడవ గాల్లో ఉందన్నమాట.

తర్వాత కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, దాంట్లోనే బాక్స్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, వెబ్‌క్యామ్ అన్నీ బతకాలి. డిస్క్ కూడా తగిలించావంటే మౌస్ అప్పుడప్పుడు మాయమవడంలో వింత లేదు. బాక్స్‌కి అడాప్టర్ పెట్టే రంధ్రం ఉంటే వాడు. ఇక విండోస్ పొదుపు ఒకటి ఉంది: డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌కి వెళ్తే పవర్ మేనేజ్‌మెంట్ అని ట్యాబ్ ఉంటుంది, అక్కడ కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపెయ్యొచ్చు అన్న టిక్ తీసెయ్. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నీకు ఆ అధికారం ఉండకపోవచ్చు, ఐటీ వాళ్ళని అడుగు, నువ్వే ఏదో దొంగదారి వెతక్కు.

బాక్స్ మానేసి సాఫ్ట్‌వేర్ వేసుకుంటానన్నావు. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌ అనే ఉచిత పనిముట్ల మూటలో 2023 నుంచి మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది, స్క్రీన్ అంచు దాటించగానే మౌస్ అవతలి కంప్యూటర్‌లోకి వెళ్తుంది, బాగానే పనిచేస్తుంది, కానీ రెండు మెషీన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి కనపడాలి. నువ్వు పొద్దున్నే ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ ఆన్ చేస్తావు, చాలా వీపీఎన్‌లు ఇంట్లోని మిగతా కంప్యూటర్లకి తలుపు మూసేస్తాయి, మౌస్ ఆ అంచు దగ్గరే ఆగిపోతుంది. అడ్మిన్ హక్కులతో తెరిచిన విండో మీదకి వెళ్ళినప్పుడు కూడా ఒక్కోసారి బిగుసుకుపోతుంది. అయినా ఆఫీసు మెషీన్‌లో అడక్కుండా ఇలాంటివి వెయ్యడం నాకు నచ్చదు.

ఒక కంప్యూటర్‌లో బాణం గుర్తు వేగంగా, ఇంకోదాంట్లో నెమ్మదిగా వెళ్తే అది జబ్బు కాదు. డీపీఐ, అంటే మౌస్ చేతి కదలికని ఎంత సూక్ష్మంగా పట్టుకుంటుందో ఆ లెక్క, మౌస్‌లో ఉంటుంది, వేగం సెట్టింగు ఏ కంప్యూటర్‌ది దానిదే. రెండు చోట్లా సరిచేసుకో, అంతే.

మీ నాన్న షాపులో పాత బిల్లింగ్ కంప్యూటర్ కూడా ఇలాగే షేర్ చేద్దామన్నావట. దానికి ఆకుపచ్చ, ఊదా రంగు గుండ్రటి పోర్టులు ఉంటే జాగ్రత్త. వాటికి పెట్టే పాతరకం పీఎస్/2 మౌస్ ఒక్కో కదలికనీ 3 బైట్లుగా పంపుతుంది, చక్రం వాడుకలో ఉంటే 4 బైట్లు. స్విచ్ మార్చినప్పుడు మౌస్ ఒక లెక్కలో, కంప్యూటర్ ఇంకో లెక్కలో ఉండిపోతే, బాణం మూలకి దూకి వాటంతట అవే క్లిక్కులు పడిపోతాయి, మెనూలు తెరుచుకుంటాయి. ల్యాబ్ సర్వర్ల దగ్గర దీన్ని చూసి వైరస్ అని పరిగెత్తుకొచ్చిన పిల్లలు ఎంతమందో. మెషీన్ రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. కరెంటు ఉండగా ఆ పిన్ను పీకి పెట్టకు, ఆ పోర్టులు అందుకు చేసినవి కావు. బిల్లులు కొట్టే మెషీన్‌కి దాని మౌస్ దానికే ఉండనివ్వు.

ఇవన్నీ చేశాక బాక్సే మార్చాలని తేలితే అడాప్టర్ ఉన్నదీ, ఉత్త యూఎస్‌బీ పోర్టు విడిగా ఉన్నదీ చూసి తీసుకో, షాపులో నీ మౌస్ పెట్టి చూపించమను. లేదా కింద బటన్ నొక్కి రెండు మూడు కంప్యూటర్ల మధ్య మారే మౌస్‌లు ఉన్నాయి, కీబోర్డు షేర్ చెయ్యక్కర్లేదనుకుంటే బాక్సే అవసరం లేదు. కొనేలోపు బాక్స్ వెనక వైపు ఫొటో తీసి పంపు, ఏ వైరు ఎటు పోతుందో కనపడేలా. క్లయింట్ కాల్ ఉన్న రోజు మాత్రం ల్యాప్‌టాప్‌కి విడిగా ఒక వైరు మౌస్ పెట్టుకుని కూర్చో.

మీ అత్తయ్య