వీసీ సంస్థ టాలెంట్ టీమ్‌ని ఏం అడగాలి, ఏం అడగకూడదు?

మీ స్టార్టప్ సీడ్ రౌండ్ (తొలి దశ పెట్టుబడి) ముగిసింది, పెట్టుబడి పెట్టిన వీసీ (వెంచర్ క్యాపిటల్) సంస్థ "మా టాలెంట్ టీమ్‌ని (మీ కంపెనీకి మనుషుల్ని తీసుకోవడంలో సాయపడే బృందాన్ని) వాడుకోండి" అంటోంది, సేల్స్ హెడ్ కోసం వాళ్లని ఏం అడగాలి అన్నది మీ ప్రశ్న. మనిషిని వెతికి తెచ్చిపెట్టమంటే నిరాశే మిగులుతుంది. అసలు ఎలాంటి మనిషి కావాలో తేల్చుకోవడానికి వాళ్లతో కూర్చుంటే మాత్రం నెలల శ్రమ తప్పుతుంది.

లెక్క వేసి చూడండి. టీమ్‌లో ముగ్గురు, పోర్ట్‌ఫోలియోలో (అంటే ఆ వీసీ పెట్టుబడి పెట్టినవి) 40 కంపెనీలు, ఒక్కో కంపెనీలో 3 ఖాళీలు అనుకుందాం. మొత్తం 120, తలకి 40. అన్నిటినీ మొదలు నుంచి చివరి దాకా నడపడం ఎవరివల్లా కాదు. అందుకే వాళ్లు ఎంచుకుంటారు. ఏం కావాలో తెలిసి అడిగేవాళ్లకి, అడిగాక వెంటనే బదులిచ్చేవాళ్లకి ముందు సాయం అందుతుంది.

ఈ పద్ధతికి ఊపు తెచ్చింది 2009లో మొదలైన వీసీ సంస్థ ఆండ్రీసెన్ హోరోవిట్జ్. సినిమా నటులు, దర్శకుల తరఫున పనిచేసే హాలీవుడ్ ఏజెన్సీ సీఏఏని నమూనాగా తీసుకుని, కంపెనీలకు సాయపడే నిపుణుల బృందాలను సంస్థలోనే పెట్టుకుంది. ఇలాంటి టీమ్‌ల జీతాలు సాధారణంగా ఫండ్ మేనేజ్‌మెంట్ ఫీజులోంచే (ఫండ్‌లో డబ్బు పెట్టినవాళ్లు వీసీ సంస్థకి ఇచ్చే ఫీజు) వస్తాయి కాబట్టి మీకు విడిగా బిల్లు రాదు.

ఇక సేల్స్ హెడ్ సంగతి. "పదేళ్ల అనుభవం, స్టార్టప్ మనస్తత్వం" అని రాసి పంపితే ఎవరూ దొరకరు, లేదా అందరూ సరిపోయినట్టే కనిపిస్తారు. టాలెంట్ టీమ్‌లోని మంచి మనిషి మొదటి అరగంటలో అడిగేవి వేరు: ఇప్పుడు డీల్స్ క్లోజ్ చేస్తున్నది ఎవరు? సగటు డీల్ ఎంత? మొదటి కాల్ నుంచి సంతకం దాకా ఎన్ని వారాలు? వచ్చే 12 నెలల్లో ఎంతమంది సేల్స్‌వాళ్లని తీసుకుంటారు? ఇప్పటికీ ఫౌండరే అమ్ముతున్నారు, కస్టమర్లు పదిమంది లోపే అని తేలితే మీకు కావాల్సింది హెడ్ కాదు, స్వయంగా అమ్మగల ఇద్దరు. టీమ్ నడపడానికి వచ్చిన హెడ్‌కి నడపడానికి టీమే లేకపోతే ఆరు నెలల్లో వెళ్లిపోతారు. సీడ్ దశలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఆ తర్వాత అడగాల్సిన అసలు సాయం: ఈ ఉద్యోగాన్ని మీకంటే ఒక దశ ముందున్న కంపెనీల్లో బాగా చేస్తున్న ఐదుగురితో తలా 30 నిమిషాలు మాట్లాడించమనండి. వాళ్లు క్యాండిడేట్లు కాదు. మొదటి 90 రోజుల్లో ఏం చేశారు, ఇలాంటి మనిషిని ఇంటర్వ్యూలో ఎలా పరీక్షిస్తారు అని అడగండి. విన్నదంతా ఒక్క పేజీలో పెట్టండి: ఏడాది చివరికి ఏం సాధించాలి, తప్పనిసరి లక్షణాలు నాలుగు, జీతం, ఈక్విటీ (కంపెనీలో వాటా) ఎంత నుంచి ఎంత దాకా, చివరి మాట ఎవరిది. అప్పుడు 20 ప్రొఫైళ్లు తెప్పించుకుని ఒక్కోదాని పక్కన అవును, కాదు అని రాసి, కారణం కూడా రాయండి. "కాదు" పక్కన రాసిన కారణమే వాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

పరిచయం చేశాక 24 గంటల్లో జవాబివ్వండి. వారం ఆలస్యమైతే ఆ క్యాండిడేట్ దగ్గర మాట పోయేది టాలెంట్ టీమ్‌కి. తర్వాతి మంచి మనిషి మరో కంపెనీకి వెళ్తారు. వాళ్లు పంపిన ప్రొఫైల్ ఇప్పటికే పోర్ట్‌ఫోలియోలో ఎన్ని కంపెనీలు చూశాయో కూడా మొహమాటం లేకుండా అడగండి.

జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు. వాళ్లకి జీతమిచ్చేది ఇన్వెస్టర్. కో-ఫౌండర్‌ని మార్చాలన్న ఆలోచన లాంటిది చెప్పేముందు, ఈ మాట మీ కంపెనీని చూసే వీసీ పార్ట్‌నర్ దాకా వెళ్తుందా అని అడిగి తెలుసుకోండి. రెండోది చాటుగా చేసే రిఫరెన్సులు. క్యాండిడేట్ ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీలో ఎవరినీ ఆరా తీయొద్దని టీమ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఒక్క ఫోన్ కాల్‌తో ఆ మనిషి ఉద్యోగం పోవచ్చు. పాత మేనేజర్లతో మాట్లాడాలంటే ముందు క్యాండిడేట్‌కి చెప్పి మాట్లాడండి.

జీతాల డేటా అడిగినప్పుడు అది ఎన్ని కంపెనీలది, ఎప్పటిది అని తప్పక అడగండి. ఆరు కంపెనీల సగటుని మార్కెట్ ధర అనుకుంటే ఆఫర్ దెబ్బతింటుంది. ఆఫర్‌లో ఆప్షన్ల (ముందే చెప్పిన ధరకి కంపెనీ షేర్లు కొనే హక్కుల) సంఖ్య ఒక్కటే ఇస్తే క్యాండిడేట్‌కి ఏమీ అర్థం కాదు. మొత్తం షేర్లలో అది ఎంత శాతం, కొనే ధర ఎంత, వెస్టింగ్ ఎలా, అంటే అవి ఎన్నేళ్లలో చేతికొస్తాయి (సాధారణంగా 4 ఏళ్లు, మొదటి ఏడాది క్లిఫ్: ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు), ఉద్యోగం మానేశాక కొనుక్కోవడానికి ఎన్ని రోజుల గడువు, ఇవన్నీ రాయండి.

రేపు సీఈఓ, సీఎఫ్ఓ స్థాయి మనిషి కావాల్సి వస్తే సెర్చ్ సంస్థ (ఫీజు తీసుకుని పెద్ద పదవులకి మనుషుల్ని వెతికిపెట్టేది) అవసరమవుతుంది. ఫీజు మామూలుగా మొదటి ఏడాది నగదు జీతంలో మూడో వంతు, మూడు వాయిదాల్లో. మొదటి వాయిదా మనిషి దొరక్క ముందే కట్టాలి. అక్కడ టాలెంట్ టీమ్‌ని అడగాల్సినవి రెండే. ఆ సంస్థలో మన సెర్చ్‌ని స్వయంగా నడిపేది ఎవరు, ఎవరు ఫోన్లు చేస్తారు? తన క్లయింట్లు కావడం వల్ల ఆ సంస్థ మనుషుల్ని లాగలేని కంపెనీలు ఏవి? మీకు కావాల్సిన మనుషులు సరిగ్గా ఆ కంపెనీల్లోనే ఉంటే సంతకం పెట్టకండి.