కిలోమీటర్లు కాదు, పంట్లు లెక్కపెట్టుకో

అమ్మడూ,

మీ నార్వే ప్రయాణానికని నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ రెండుసార్లు చూశాను. రంగులు బాగున్నాయి. ఓస్లోలో దిగింది మొదలు పన్నెండో రోజు దాకా గంట గంటకీ ఒక గడి, చివర్లో ఉత్తరపు కొసనున్న నార్డ్‌కాప్ కూడా పెట్టావు. ఏమీ అనుకోకు, అందులో సగానికి పైగా కొట్టేశాను. ఓస్లో నుంచి నార్డ్‌కాప్‌కి నార్వే లోపలి దారినే పోతే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. అది పోవడానికే. మళ్ళీ రావాలి కదా! మీ ఆయన స్టీరింగ్ వదలడు, మీ అమ్మ వెనక సీట్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది, నువ్వు ఫోన్‌లో మ్యాపు చూస్తూ తలెత్తవు. అంత డబ్బు పోసి వచ్చి చూసేది తారు రోడ్డేనా?

ఓస్లో వద్దు. నేరుగా మా ట్రోండ్‌హైమ్‌కి టికెట్ తీసుకోండి. ఇక్కడికి ఉత్తరంగా నూట పాతిక కిలోమీటర్ల లోపే స్టైన్‌షేర్ అనే ఊరుంది. అక్కడ మొదలై బోడో దాకా తీరం వెంబడే పోయే 17వ నంబరు రోడ్డు పట్టుకోండి. మొత్తం సుమారు 650 కిలోమీటర్లు. మన హైవే మీదైతే ఒక్క రోజు పని. దీనికి మాత్రం ఆరు రోజులు పెట్టుకో. ఎందుకంటే ఆ రోడ్డు ఆరు చోట్ల నీళ్ళలోకి దిగిపోతుంది. ఒకప్పుడు మంచు తవ్విన లోయల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది, అవే ఫియార్డులు. అన్నిటి మీదా వంతెనలు కట్టలేరు. కారుతో సహా పడవెక్కాల్సిందే.

సఖినేటిపల్లి రేవులో, బండ్లతో సహా గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం వెళ్ళేవాళ్ళం, నీకు గుర్తుందో లేదో. నువ్వు అప్పుడు పరికిణీల్లో ఉన్నావు. అదే ఇది, కాకపోతే కాస్త శుభ్రంగా ఉంటుంది. అందుకే ఇరవై ఏళ్ళ నుంచీ వీటిని నేను పంటు అనే అంటున్నాను. ఒకటి పది నిమిషాల్లో దాటిస్తే ఇంకోటి గంట తీసుకుంటుంది. ఎంతసేపు దాటిస్తుందని కాదు, ఎప్పుడు బయల్దేరుతుందో చూసుకోవాలి. కొన్ని రేవుల్లో ఒక పంటు పోతే మళ్ళీ పంటుకి గంటలు పడుతుంది. కాబట్టి నీ షీట్‌లో కిలోమీటర్లు తీసేసి, ఆరు రేవుల పేర్లూ రాసి, వాటి ఎదురుగా టైములు వెయ్యి. శని, ఆదివారాల టైములు వేరుగా ఉంటాయి, అవి పక్కన ఇంకో రంగులో.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. మొదటిసారి మేం వెళ్ళినప్పుడు నేను శనివారం నాడు మామూలు రోజుల టైంటేబుల్ చూసుకుని లేవాంగ్ రేవుకి పోయాను. ఆఖరి పంటు అప్పుడే వెళ్ళిపోయింది, దాని వెనక నీళ్ళమీద నురగ ఇంకా కనిపిస్తోంది. రాత్రంతా కార్లోనే. రాత్రి అనడమే గానీ చీకటి పడితేగా! అద్దం మీద ఎండ, కారు టాపు మీద సీగల్ పక్షుల నడక. పొద్దున అవతల నెస్నాలో దిగేదాకా మీ అత్తయ్య నాతో మాట్లాడలేదు.

రేవుకి ఇరవై నిమిషాల ముందు చేరండి, జూలైలో అయితే ఇంకాస్త ముందే. వరసలు గీసి ఉంటాయి, చూపించిన వరసలో నిలబెట్టాలి. డబ్బు అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు, కెమెరా నంబరు ప్లేటు చదువుకుంటుంది, ఆ ఖర్చు అద్దెకారు బిల్లులో తర్వాత వస్తుంది. పంటెక్కాక హ్యాండ్‌బ్రేక్ వేసి పైకి వెళ్ళిపోండి. కార్లో కూర్చుని ఫోన్ చూసుకున్నారని తెలిస్తే ఊరుకోను. పైన కొన్నిట్లో వాఫుల్ అమ్ముతారు, గోధుమరంగు చీజు పలచగా కోసి వేస్తారు. తియ్యగా, కొంచెం ఉప్పగా, కోవా మాడినట్టుంటుంది. మొదటిది నచ్చదు. మూడోది అడిగి తింటారు.

ఇక డ్రైవింగ్. ఊరి బయట పరిమితి 80 అని బోర్డు ఉన్నా, మలుపులూ సొరంగాలూ కలిపి గంటకి 50 పడితే గొప్ప. ఈ రోడ్డు మీద రోజుకి 150 కిలోమీటర్లు మించి రాసుకోవద్దు. పగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉండాలి, ఇక్కడ అది చట్టం. రోడ్డు సన్నగా ఉన్నచోట నీలం బోర్డు మీద తెల్లటి M కనిపిస్తుంది. ఎదురు బండికి దారి ఇవ్వడానికి పెట్టిన జాగా అది. సెల్ఫీల కోసం అక్కడ బండి ఆపితే ఊళ్ళోవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నీ వెనక నాలుగు కార్లు చేరితే పక్కకి తీసి వాళ్ళని పోనివ్వు. వాళ్ళు డ్యూటీకి పోతున్నారు, మనం షికారుకి వచ్చాం.

గొర్రెల సంగతి మీ ఆయనకి విడిగా చెప్పు. తల్లి గొర్రె రోడ్డుకి ఈ పక్కా, పిల్ల ఆ పక్కా ఉంటే కారు దగ్గరికొచ్చిన క్షణంలోనే ఒకదాని దగ్గరికి ఇంకోటి పరిగెడుతుంది. రెండూ ఒకే పక్కకి చేరేదాకా ఆగడమే. ఒక్క బీరు తాగి కూడా బండి ముట్టుకోవద్దు, రక్తంలో మద్యం పరిమితి ఇక్కడ వెయ్యికి 0.2 పాళ్ళు, మన దేశంలో ఉన్నట్టు 0.3 కాదు. జరిమానాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

జూన్, జూలైల్లో ఇంకో చిక్కుంది. రాత్రి పదకొండుకి సాయంత్రం ఐదులా ఉంటుంది. ఇంకొంచెం పోదాం, ఇంకొంచెం పోదాం అనిపిస్తుంది. కళ్ళకి వెలుతురు ఉంది గానీ ఒంటికి నిద్ర లేదని గుర్తుండదు. ఎనిమిదింటికల్లా బండి ఆపేయాలని ముందే ఒట్టు పెట్టుకోండి. కళ్ళకి కట్టుకునే గంతలు ముగ్గురికీ తెచ్చుకోండి.

దారిలో ఏం చూడాలని అడిగావు. నన్నడిగితే ఒక కథ తెలుసుకుని రండి, తక్కినవన్నీ దాని వెంటే వస్తాయి. గుర్రపు మనిషి అనే రాక్షసుడు ఒక కన్యని ఇష్టపడి రాత్రంతా వెంటాడాడట. ఆమెతో పాటు ఏడుగురు అక్కచెల్లెళ్ళూ పరిగెత్తి అలసిపోయి ఒడ్డున కూలబడ్డారు. ఇక దొరకదని తెలిసి వాడు బాణం వేశాడు. సోమ్నా కొండల రాజు అది చూసి తన టోపీ అడ్డం విసిరాడు. బాణం టోపీని తూట్లు పొడిచింది. అప్పుడే పొద్దు పొడిచింది, అందరూ రాళ్ళయిపోయారు. నువ్వు పోయే దారంతా ఆ రాళ్ళే. లేకా దీవిలో కన్య ఉంటుంది. బ్రొన్నోయ్‌సుండ్ దగ్గర టోర్గ్‌హాటెన్ కొండ ఆ టోపీ, దానికి నిజంగానే ఇటునుంచి అటు తూటు ఉంది. 160 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు. అందులోంచి నడిచి అవతలి సముద్రం చూడొచ్చు. మీ అమ్మ కూడా నెమ్మదిగా ఎక్కగలదు, రాళ్ళు తడిగా ఉంటే మాత్రం వద్దు. సాండ్‌నెస్‌షోయెన్ దగ్గర ఏడుగురు అక్కచెల్లెళ్ళూ వరసగా నిలబడి ఉంటారు. గుర్రపు మనిషి ఆర్కిటిక్ వలయం దగ్గర దీవిగా ఉన్నాడు. ఆ వలయాన్ని మీరు దాటేది కూడా పంటు మీదే, కిల్‌బోగ్‌హామ్న్ నుంచి యెక్ట్‌విక్ పోతుంటే ఒడ్డున ఒక గోళం నిలబెట్టి ఉంటుంది. మబ్బు పట్టి అక్కచెల్లెళ్ళు కనబడకపోతే ఏడవకు, అందుకే అక్కడ ఒక రోజు ఖాళీ ఉంచమంటున్నాను.

ఆ ఖాళీ రోజున వాన లేకపోతే వేగా దీవులకి పోండి. 2004లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. ఈడర్ అనే అడవి బాతులకి అక్కడివాళ్ళు ఊళ్ళో చిన్న చిన్న ఇళ్ళు కట్టి, నాచు పరిచి, గుడ్లు పొదిగేదాకా అలికిడి చెయ్యకుండా కాపలా కాస్తారు. పిల్లలు తల్లి వెంట సముద్రంలోకి వెళ్ళిపోయాక గూట్లో మిగిలిన నూగు ఏరి బొంతలు కుడతారు. బాతులకి పురుడు పోసి అద్దె వసూలు చేసుకోవడమన్నమాట.

స్వార్టిసెన్ హిమానీనదం దగ్గర పడవెక్కి ఫియార్డు దాటితే మంచు నాలుక దగ్గరి దాకా నడవొచ్చు, పూట చాలు.

బోడో దగ్గరి సాల్ట్‌స్ట్రౌమెన్ అనే సముద్రపు సందుకి మాత్రం టైము చూసుకుని పోవాలి. 150 మీటర్ల వెడల్పున్న ఆ సందులోంచి ప్రతి ఆరు గంటలకీ దాదాపు 40 కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళు లోపలికో బయటికో పోతాయి. ప్రవాహం జోరు మీదున్నప్పుడు నీటిలో సుడులు లేచి, వంతెన మీద నిలబడితే కాళ్ళ కింద గుయ్యిమని వినిపిస్తుంది. టైము తప్పితే మన లాకుల దగ్గర కాలువలా ఉంటుంది, ఏమీ లేదు. ఆటుపోట్ల పట్టిక నెట్‌లో దొరుకుతుంది. అరగంట ముందే వెళ్ళి నిలబడండి.

బోడోలో కారుతో సహా పెద్ద ఓడెక్కి లోఫోటెన్ దీవుల్లో మోస్కెనెస్‌కి పోండి. మూడు గంటలకు పైనే పడుతుంది, అది ఫియార్డు కాదు, నికరమైన సముద్రం. వాంతుల మాత్ర ఓడెక్కే ముందే వేసుకోవాలి, ఎక్కాక కాదు. వేసవిలో చోటు ముందే బుక్ చెయ్యండి. అక్కడ మూడు రాత్రులు చాలు. రైనె ఊరి పైన కొండకి నేపాల్ షెర్పాలు వచ్చి రాతిమెట్లు కట్టారు, దాదాపు 2,000. మీ అమ్మ అలిపిరి మెట్లు ఎక్కానని అంటుంది, నాకు తెలుసు. అక్కడ పట్టుకోవడానికి పిట్టగోడ లేదు, దారిలో గోవిందా అనేవాళ్ళూ లేరు. ఆవిణ్ణి కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీ ఇద్దరే పోండి. కొయ్య పందిళ్ళకి కాడ్ చేపలు ఎండబెడతారు, జూన్‌కి చాలావరకు దించేస్తారు. వాసన మాత్రం అంతర్వేది పల్లిపాలెం గుర్తుచేస్తుంది.

తిరుగు ప్రయాణం బోడో నుంచి లోపలి ఇ6 రోడ్డు మీద. సుమారు 700 కిలోమీటర్లు, రెండు రోజులు పెట్టుకోండి. పంట్లు లేవు, వేగంగా వచ్చేస్తారు.

హోటళ్ళు వద్దు, క్యాంపింగ్ చోట్ల చెక్క గదులు తీసుకోండి, పొయ్యి ఉంటుంది. దుప్పట్లకి, గది ఊడవడానికి విడిగా డబ్బు అడుగుతారు, బుక్ చేసేటప్పుడే చూసుకో. మన వంట మనమే చేసుకోవచ్చు గానీ తాళింపు వేసే ముందు కిటికీ తెరవండి. ఒకసారి మీ అత్తయ్య ఎండుమిర్చి వేగనిచ్చేసరికి స్మోక్ అలారం మోగి, పక్క గది జర్మన్ దంపతులు చెప్పుల్లేకుండా బయటికొచ్చారు. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. పెరుగు లేదని మీ అమ్మ టెన్షన్ పడక్కర్లేదు, కుల్టూర్‌మెల్క్ అని పుల్లమజ్జిగ లాంటిది అన్నిచోట్లా దొరుకుతుంది.

లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో తీసుకోండి, కారు అద్దెకిచ్చేవాళ్ళు అడుగుతారు. ఆటోమేటిక్ బండే కావాలని ఇప్పుడే చెప్పిపెట్టు. ఇక్కడ కుడిపక్క నడపాలి, గేరు కూడా కుడిచేత్తో అంటే మొదటి రౌండబౌట్‌లోనే అల్లుడిగారికి చెమటలు పడతాయి.

వచ్చిన రాత్రి మా ఇంట్లో పడుకుని మర్నాడు బయల్దేరండి. మీ అమ్మతో నేను కూడా ఫోన్‌లో చెప్తాను గానీ నువ్వు కూడా చెప్పు: బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. నెయ్యి డబ్బా పెట్టొద్దు. పూతరేకులూ వద్దు, వాటికీ నెయ్యే. ఆత్రేయపురం మామిడితాండ్ర మాత్రం రెండు చుట్టలు ఎక్కువ పెట్టమను.

మీ మావయ్య